చిట్టి గులాబీని కుండీలోకి మార్చే ముందు జాగ్రత్తలు

నర్సరీ నుంచి తెచ్చిన రోజే మొక్కను కవర్‌లోంచి తీయకండి. కడియం నుంచి వచ్చినదైనా, మీ ఊరి నర్సరీదైనా, ప్రయాణంలో అలసిపోయి ఉంటుంది. వారం రోజులు పలచటి నీడలో ఉంచండి. ఈలోగా ఆకుల అడుగుభాగం చూడండి, సన్నటి సాలెగూడు లాంటిది కనిపిస్తే ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) ఉన్నట్టే. ముందు దాని సంగతి చూడాలి.

కుండీ 8 నుంచి 10 అంగుళాలు చాలు. చిన్న మొక్కకు పెద్ద కుండీలో తడి ఆరక వేర్లు కుళ్లుతాయి. అడుగున రంధ్రం ఉందా? దాని మీద ఒక పెంకు ముక్క పెట్టండి.

పశువుల ఎరువు బాగా మాగినదే వాడండి. పచ్చి ఎరువు వేడికి వేర్లు మాడిపోతాయి.

అసలు జాగ్రత్త మట్టి ముద్ద దగ్గరే. నర్సరీ వాళ్లు జిగట ఎర్రమట్టి గట్టిగా అదిమి ఇస్తారు. అలాగే పాతితే నీళ్లు లోపలికి ఇంకక పక్కల నుంచి జారిపోతాయి. మొత్తం పగలగొడితే సన్నవేర్లు తెగిపోతాయి. ముందుగా తడిపి, పైపొర మాత్రం వేళ్లతో నెమ్మదిగా వదులు చేయండి. దయచేసి తొందరపడకండి, ఎక్కువ మొక్కలు చనిపోయేది ఇక్కడే.

అంటు మొక్కైతే అంటు భాగం మట్టిపైనే ఉండాలి.

కత్తెరను స్పిరిట్‌తో తుడవండి, గ్లవ్స్ వేసుకోండి.

ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని వద్దు. మార్చాక నెల వరకు రసాయన ఎరువు కూడా వేయకండి.