పెళ్లికి ముందు ఫిల్లర్ వేయించుకుంటున్నారా? ‘పొద్దున చూద్దాం’ అని మాత్రం ఆగకండి

మా బంధువులమ్మాయి పెళ్లికి పది రోజులుందనగా తిరుపతిలో ఒక పార్లర్‌లో ముక్కు పక్క గీతలకు ఫిల్లర్ (గీతలు పూడటానికి చర్మం కింద సూదితో ఎక్కించే జెల్ లాంటి పదార్థం) వేయించుకుంది. సాయంత్రానికి అక్కడ రూపాయి బిళ్లంత చర్మం సున్నం పూసినట్టు తెల్లబడింది, ఒకటే సలుపు. ఫోన్ చేస్తే "వాపేనమ్మా, ఐస్ పెట్టుకో, పొద్దునకి తగ్గిపోతుంది" అన్నారట. పొద్దునకి అది వంకాయ రంగుకు తిరిగింది. నాలుగో రోజుకి పొక్కులు లేచాయి. ఇప్పుడు అక్కడ గుంట పడి మచ్చ మిగిలింది. శ్రావణం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి, అందుకే రాస్తున్నాను.

అసలు ఏం జరుగుతుందంటే

ఫిల్లర్లలో ఎక్కువ వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. అది పొరపాటున రక్తనాళంలోకి పోతే దారి మూసుకుపోతుంది, రక్తం అందని చర్మం చచ్చిపోతుంది. ముక్కు దగ్గర, బొట్టు పెట్టుకునే చోట మరీ ప్రమాదం. అక్కడి నాళాలకు కంటి నాళాలతో కలయిక ఉంది, చూపే పోవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఆ జెల్‌ను కరిగిస్తుంది. కానీ గంటల్లో పడాలి. నేను చూసినంతలో మనుషుల్ని ముంచింది సూది కన్నా ఆ రాత్రి ఆగడమే.

వెళ్లే ముందు

చర్మవ్యాధుల డాక్టర్ గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ స్వయంగా వేయాలి. "హైలురోనిడేజ్ మీ దగ్గర ఉందా, చూపిస్తారా?" అని అడగండి. మొహమాటం వద్దు. నసిగితే లేచి వచ్చేయండి. క్యాల్షియం రకం ఫిల్లర్లు ఈ మందుకు కరగవు, ఏ రకమో ముందే తెలుసుకోండి. తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే ఆ మాట చెప్పండి, ఈ మందు కొందరికి పడదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

పెళ్లికి కనీసం నెల ముందే వేయించుకోండి. వాపు, కమిలిన మచ్చ తగ్గడానికే రెండు వారాలు పట్టొచ్చు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేయించుకోవద్దు.

సూది లేని పెన్నుతో వేస్తామంటే వద్దు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే దాని మీద హెచ్చరిక ఇచ్చింది.

సీల్ మీ ముందే తీయాలి. డబ్బా మీది బ్యాచ్ నంబర్ ఫోటో తీసుకోండి.

సగం వాడి దాచిన సిరంజి వద్దు. ఇద్దరు పంచుకోవడం అసలే వద్దు.

ఇంటికొచ్చాక ఫిల్లర్ వేసిన చోట వేలితో నొక్కి వదలండి. రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రాకపోతే, తెల్లబడితే, వలలాగా నీలి గీతలు తేలితే, నొప్పి పెరుగుతుంటే పొద్దున దాకా ఆగకండి.

అలాంటప్పుడు ఐస్ పెట్టకండి, నాళం ఇంకా ముడుచుకుంటుంది.

వేసిన డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే తిరుపతిలో ఉంటే రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పరుగెత్తండి, చిత్తూరులో ఉంటే జిల్లా ఆసుపత్రికి. "ఫిల్లర్ వేయించుకున్నాను" అని ముందే చెప్పండి, సిగ్గుపడి దాచకండి. కంటి ఆపరేషన్‌కి ఇచ్చే మత్తులో ఈ హైలురోనిడేజే కలుపుతుంటారు, కంటి ఆసుపత్రిలోనూ అడగండి.

చూపు మసకబారితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే, ఇంట్లోవాళ్లను లేపండి.