రైడింగ్ మోవర్ మరమ్మతు, నాలుగో పాఠం: పాత బ్లేడును బట్టి కొత్త బ్లేడు

కిందటి పాఠంలో రైడింగ్ మోవర్ (మీద కూర్చుని తోలుతూ గడ్డి కోసే బండి) తాళం చెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, బ్లేడు తిరగకుండా చెక్క దిమ్మె అడ్డుపెట్టి బోల్టులు విప్పాం. విప్పిన బ్లేడ్లను పారేయొద్దని అప్పుడే చెప్పాను. కొత్త బ్లేడు కొనడానికి మీ చేతిలో ఉన్న అసలైన ఆధారం ఆ మొండి ఇనుప బద్దలే.

"42 అంగుళాల డెక్‌కి బ్లేడు కావాలి" అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. డెక్ అంటే బ్లేడ్ల మీద కప్పి ఉండే రేకు గూడు. 42 అన్నది మోవర్ ఒక్క పోకలో కోసే వెడల్పు. ఆ వెడల్పును కొన్ని డెక్‌లలో రెండు బ్లేడ్లు పంచుకుంటాయి, కొన్నింట్లో మూడు. పైగా ఒక బ్లేడు కోత మీదికి పక్క బ్లేడు కోత కొంచెం ఎక్కాలి, లేకపోతే మధ్యలో గడ్డి మిగిలిపోతుంది. కాబట్టి డెక్ వెడల్పును బ్లేడ్ల సంఖ్యతో భాగించి పొడవు తేల్చేద్దామంటే కుదరదు.

ముందుగా నంబరు వెతకండి. చాలా మోవర్లకు సీటు కింద మోడల్ నంబరున్న స్టిక్కర్ ఉంటుంది. మాన్యువల్‌లో ఆ మోడల్‌కు ఎదురుగా బ్లేడు పార్ట్ నంబరు దొరుకుతుంది. ఒక్కోసారి బ్లేడు మీదే నంబరు కొట్టి ఉంటుంది, వైరు బ్రష్‌తో రుద్దితే బయటపడుతుంది. అయితే మీది సెకండ్ హ్యాండ్ బండి అయితే నంబరు ఒక్కదాన్నీ నమ్మకండి. ముందున్నవాళ్లు వేరే డెక్ తగిలించి ఉండొచ్చు, దొరికిన బ్లేడు బిగించేసి ఉండొచ్చు. నంబరు, టేపు రెండూ ఒకే మాట చెప్పినప్పుడే డబ్బు తీయండి.

ఇక కొలతలు. పొడవును బ్లేడు అంచు వెంబడి తిన్నగా కొలవకూడదు. పదునున్న ఒక మూల నుంచి మధ్య రంధ్రం మీదుగా అవతలి చివర పదునున్న మూల దాకా, అంటే ఐమూలగా, టేపు పట్టాలి. బ్లేడు తిరిగినప్పుడు గీసే వృత్తానికి వ్యాసం అదే. 21 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్న బ్లేడును రెండు రకాలుగానూ కొలిస్తే దాదాపు నాలుగు మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

అన్ని బ్లేడ్లనూ కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. మూలలు అరిగి గుండ్రబడితే బ్లేడు పొట్టిదైపోతుంది. నేను మొదటిసారి చేతికందిన ఒక్కదాన్నే కొలిచాను, అది అన్నిటికంటే అరిగినది. కొత్తవి బిగించి గడ్డి కోస్తే, నున్నగా గీసిన గుండు మీద పిలక వదిలినట్టు నడిమధ్యన ఒక చార మిగిలింది. మళ్లీ కొనక తప్పలేదు.

పొట్టిదైతే పిలక మిగులుతుంది, మరి కాస్త పొడుగుదైతే నష్టమేంటి అంటారేమో. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మోవర్లకు వర్తించే అమెరికా ప్రమాణం బి71.1 ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదు. స్పిండిల్, అంటే బ్లేడును తిప్పే ఇరుసు, నిమిషానికి 3,300 చుట్లు తిరుగుతోందనుకోండి. 21 అంగుళాల బ్లేడు కొస సుమారు 18,140 అడుగుల వేగంతో పోతుంది. దాని స్థానంలో 22 అంగుళాలది పెడితే 19,000 దాటిపోతుంది. పెరిగింది ఒక్క అంగుళమే! అంత వేగంలో రాయి తగిలినా, బ్లేడు ముక్క విరిగినా ఏమవుతుందో ఊహించుకోండి. అదీగాక డెక్ గోడకు బ్లేడుకు మధ్య సందు తక్కువ. కొన్ని డెక్‌లలో పళ్ల బెల్టుతో బ్లేడ్లను ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా జతపరుస్తారు. వాటిలో పొడవు పెరిగితే బ్లేడ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

తర్వాత మధ్య రంధ్రం. కొన్న బ్లేడు వెనక్కివ్వాల్సి వచ్చేది ఎక్కువగా దీనివల్లే. కొన్నింటికి మామూలు గుండ్రటి రంధ్రం ఉంటుంది, కొన్నింటికి దాని పక్కన పిన్నుల కోసం మరో రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. చాలావాటికి నక్షత్రం ఆకారం ఉంటుంది. కొమ్ములు అయిదా, ఆరా, ఏడా అన్నది వేలు పెట్టి లెక్కపెట్టండి, చూపుతో అంచనా వేయకండి. గుండ్రటిదైతే వెర్నియర్‌తో వ్యాసం కొలవండి, పిన్ను రంధ్రాలుంటే వాటి మధ్య దూరం కూడా రాసుకోండి. వాషర్లు మార్చుకుని ఏ మోవర్‌కైనా తగిలించుకోవచ్చని అమ్మే బ్లేడ్లూ ఉన్నాయి. నాకు అవంటే పడదు. రంధ్రం వెంట్రుకవాసి వదులైనా బ్లేడు నడిమికి కూర్చోదు, వణుకు పుడుతుంది, ఆ వణుకు స్పిండిల్ బేరింగులను తినేస్తుంది.

వెడల్పు, మందం కొలవడానికి నిమిషం పట్టదు. వాటితో పాటు చాలామంది వదిలేసే కొలత ఇంకొకటుంది, వంపు. బ్లేడును సమతలంగా ఉన్న నేల మీద, బిగించినప్పుడు ఎలా ఉంటుందో అలాగే పెట్టి, నేలకూ మధ్య భాగం అడుగుకూ ఎంత ఎత్తుందో చూడండి. కొత్తదానికి ఈ ఎత్తు వేరుగా ఉంటే, డెక్ లివర్ చూపే ఎత్తు ఒకటి, గడ్డి తెగే ఎత్తు ఇంకొకటి అవుతుంది. మరీ ఎక్కువైతే బ్లేడు డెక్ అంచు కిందికి దిగిపోతుంది. అలాంటిదాన్ని అసలు బిగించకండి.

ఇంతవరకూ మీకు ఎంచుకునే స్వేచ్ఛ లేదు, డెక్ చెప్పింది వినడమే. ఆ స్వేచ్ఛ బ్లేడు వెనక అంచున పైకి లేచిన రెక్క దగ్గర మొదలవుతుంది. ఆ రెక్క ఫ్యాను లాంటిది. గాలిని పైకి లాగి, పడుకున్న గడ్డిని నిలబెడుతుంది, తెగినదాన్ని బయటికి తోస్తుంది. రెక్క బాగా ఎత్తుగా ఉంటే హై లిఫ్ట్ అంటారు. గడ్డిని సంచిలోకి పట్టేవాళ్లకు అది బాగుంటుంది. కానీ ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది. ఇసుక నేలలో అయితే ఇసుకనూ లాగి, అదే ఇసుకతో రెక్కను, డెక్ లోపలి రేకును గీకి పారేస్తుంది. ఇసుక నేల, దుమ్ము, బక్క ఇంజిన్ ఉన్నచోట లో లిఫ్ట్ మేలు. ఈ రెండింటికీ నడిమి రకమూ ఉంది.

మల్చింగ్ బ్లేడుది ఇంకో పద్ధతి. దీనికి పదును అంచు పొడవుగా ఉంటుంది, ఒళ్లంతా వంపులు. తెగిన గడ్డిని డెక్ లోపలే తిప్పి తిప్పి పొడిపొడిగా నరికి నేల మీదే వదిలేస్తుంది. బయటికి పోయే దారిని మల్చింగ్ ప్లగ్‌తో మూస్తేనే అది సరిగ్గా పనిచేస్తుంది. తరచుగా, కొంచెం కొంచెంగా కోసేవాళ్లకు ఇది బంగారం. రెండు వారాలు వదిలేసి, తడి గడ్డి మీద తోలితే మాత్రం ముద్దలు ముద్దలుగా పడుతుంది. రెక్క మీద పళ్లలాంటి గాట్లున్న బ్లేడ్లు నరకడం, విసరడం రెండూ చేస్తామంటాయి. ఎండాకులు ఎక్కువ రాలేచోట అవి నాకు బాగానే నచ్చాయి.

ఏది తీసుకోవాలో తేలకపోతే మోవర్‌తో వచ్చిన రకమే తీసుకోండి. ఏది తీసుకున్నా డెక్‌లోని బ్లేడ్లన్నీ ఒకే రకం, ఒకేసారి మార్చాలి.

పాతవాటిని పదును పెట్టి వాడుకుందామా అన్న ఆలోచన వస్తే రెక్క దగ్గర చూడండి. రెక్క వంగిన మలుపులో లోహం పలచబడినా, గాటు పడినా, వెంట్రుకంత పగులు కనిపించినా ఆ బ్లేడు పని అయిపోయింది. వంకర పోయిన బ్లేడును సుత్తితో సాగదీయడం, వెల్డింగ్ పెట్టించడం కూడా వద్దు.

అయిదో పాఠానికి ముందు చేయాల్సిన పని: ఒక కాగితం మీద మోడల్ నంబరు, ఐమూల పొడవు, రంధ్రం ఆకారం, వెడల్పు, మందం, వంపు రాసి పెట్టుకోండి. బ్లేడ్లు వచ్చాక పాతదాని మీద కొత్తదాన్ని పరిచి, రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూడండి. తొందరపడి బిగించకండి. రెక్క డెక్ వైపుకు, అంటే పైకి ఉండాలి. తలకిందులుగా బిగించి, కొత్త బ్లేడు గడ్డి కోయడం లేదని తిట్టుకునేవాళ్లు తక్కువేమీ లేరు. బోల్టును ఎంత గట్టిగా బిగించాలో వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా ఒక టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) సంపాదించి, మీ మాన్యువల్‌లో బ్లేడు బోల్టు టార్క్ ఉన్న పేజీకి గుర్తు పెట్టుకోండి.