యాప్‌లో 30 సెంటీమీటర్ల మంచు, వాలు మీద వాన: తప్పు ఎక్కడ జరిగింది?

సమస్య: ఫోర్‌కాస్ట్ 30 సెంటీమీటర్లంది. స్కీయింగ్‌కి వెళ్తే కింద వాన, మధ్యలో నీళ్లు కారే మంచు.

వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ని తిట్టే ముందు ఒక్కటి చూడండి: ఆ 30 ఏ ఎత్తుకి చెప్పినది? అంకె పక్కన మీటర్లు రాసి ఉన్నాయా? మబ్బు బొమ్మ చూస్తారు, సెంటీమీటర్లు చూస్తారు, ఎత్తు మాత్రం చూడరు. రిసార్టు పేరు కొడితే కొన్ని యాప్‌లు లోయలోని ఊరి లెక్క ఇస్తాయి, కొన్ని పై లిఫ్టుది (స్కీయర్లను కొండెక్కించే తీగబండిది) ఇస్తాయి, కొన్ని ఏదీ చెప్పకుండా ఒక అంకె పడేస్తాయి.

ఊరు 1,200 మీటర్లలో, పై లిఫ్టు 2,400లో ఉందనుకోండి. సగటున వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 3 డిగ్రీలుంటే పైన దాదాపు మైనస్ 5. ఒకే తుఫాను కింద వాన, పైన పౌడర్, అంటే పొడిపొడిగా ఉండే మెత్తటి మంచు. ఇంతవరకు స్కీయింగ్ చేసే చాలామందికి తెలుసు.

ఎత్తు సరిచూసుకున్నవాళ్లు కూడా దెబ్బతినేది దీని తర్వాత. మోడల్ లోపల ఉండే కొండ, మీరు ఎక్కే కొండ ఒకటి కాదు. మోడల్ భూమిని గళ్లుగా కోసి లెక్క కడుతుంది. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ సంస్థ యూరోపియన్ సెంటర్ వారి ప్రపంచ మోడల్‌లో గడి సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా ప్రపంచ మోడల్ జీఎఫ్ఎస్‌లో సుమారు 13. అంత గడిలో శిఖరం, లోయ, రెండూ సగటులో కలిసిపోతాయి. శిఖరం అరిగిపోతుంది, లోయ పూడిపోతుంది. మీ 2,400 మీటర్ల శిఖరం అక్కడ 1,700 మీటర్ల గుట్ట కావచ్చు. ఆ 700 మీటర్ల తేడాకి నాలుగున్నర డిగ్రీలు. వానకీ మంచుకీ మధ్య అంత దూరం కూడా ఉండదు. యాప్ దీన్ని సరిదిద్దకపోతే పైభాగం ఉన్నదానికంటే వెచ్చగా, కిందిభాగం చల్లగా కనిపిస్తుంది. అందుకే ఊళ్లో మంచు పడుతుందన్న రోజు వాన పడుతుంది.

చేయవలసింది: ఎత్తు రాయని ఫోర్‌కాస్ట్‌ని పక్కన పెట్టండి. కింద, మధ్య, పైన అని మూడు ఎత్తులకు విడివిడిగా ఇచ్చేదాన్ని తీయండి. అందులో ముందు చూడాల్సింది సెంటీమీటర్లు కాదు, సున్నా డిగ్రీల ఎత్తు, అంటే గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు. మంచు కరిగి వానగా మారే గీత మామూలుగా దానికి 200 నుంచి 300 మీటర్లు కిందుంటుంది, ఎందుకంటే పడుతున్న మంచు రేకు కరగడానికి కొంత దూరం కావాలి.

ఆ ఎత్తుని రోజుకి ఒక్క అంకెగా కాదు, గంటగంటకీ చూడాలి. ఉదయం 6కి 1,400, మధ్యాహ్నం 2,200, రాత్రికి 1,300 అని ఉందనుకోండి. వెచ్చటి గాలి వచ్చి వెళ్లిందన్నమాట. మొత్తం 30 సెంటీమీటర్లు నిజమే కావచ్చు. కానీ 1,900 దాకా మధ్యలో కొత్త మంచు మీద వాన పడింది, రాత్రి అది గడ్డకట్టి పెచ్చయింది, దాని మీద మళ్లీ మంచు కప్పింది. పైకి మెత్తగా కనిపిస్తుంది, మలుపు తిప్పగానే స్కీ అంచు కింద కరకరమంటుంది. ఆ రోజు 2,200 పైన ఉన్న లిఫ్టులకే వెళ్లండి.

ఈ లెక్క తప్పే సందర్భాలు మూడు. గాలి బాగా పొడిగా ఉంటే 2 డిగ్రీల వేడిలోనూ మంచే పడుతుంది. అలాంటప్పుడు వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, చూడాలి. ఇరుకు లోయలో గాలి కదలకుండా జోరుగా కురుస్తుంటే, కరిగే రేకులే చుట్టూ ఉన్న వేడిని లాగేసి మంచు గీతను కొన్ని వందల మీటర్లు కిందికి దించుతాయి. గాలి వీచిందా, అదేమీ జరగదు. ఇక నిర్మలమైన రాత్రి తర్వాత లోయే శిఖరం కంటే చల్లగా ఉండొచ్చు, అప్పుడు 6.5తో తీసివేత చేయకండి.

ఇంకొకటి, సెంటీమీటర్ల కంటే నీటి మిల్లీమీటర్లు నమ్మదగినవి. చాలా యాప్‌లు 1 మిల్లీమీటరు నీటికి 1 సెంటీమీటరు మంచని గుడ్డిగా మార్చేస్తాయి. సున్నా దగ్గర 10 మిల్లీమీటర్లకు 6, 7 సెంటీమీటర్ల బరువు మంచే వస్తుంది. మంచు తయారయ్యే మబ్బు మైనస్ 15 దరిదాపుల్లో ఉంటే అదే నీటికి 15 నుంచి 20 దాకా రావచ్చు.

సమస్య: రిపోర్టులో 20 సెంటీమీటర్ల కొత్త మంచు, కాళ్ల కింద గట్టి నేల.

"గత 24 గంటలు" అని రాసుంటే అందులో నిన్న ఉదయం పడి, నిన్నే అందరూ తొక్కేసింది కూడా ఉంటుంది. మీకు కావలసింది "రాత్రి పడినది" అనే వరుస. అది ఉదయం 5 ప్రాంతంలో కొలిచినదై ఉంటుంది. కొత్త మంచు కొలవడానికి పెట్టే బల్లను తుడిచే తీరు కూడా ముఖ్యం. ఆరు గంటలకోసారి కంటే తరచుగా తుడిచి కొలతలు కూడితే, మంచు తన బరువుకి అణగకముందే లెక్కకెక్కి అంకె ఉబ్బుతుంది.

అంకె సరైనదే అయితే దొంగ గాలి. గంటకి 25 కిలోమీటర్లు దాటితే వదులు మంచు కదలడం మొదలవుతుంది. గాలి కొట్టే వైపు గీసినట్టు ఉంటుంది, మరుగు వైపు గుట్టలు పడుతుంది. గాలి దిశ చూసి మరుగు వాలుకి వెళ్లండి, రిసార్టు హద్దుగా కట్టిన తాడు లోపలే. తాడు అవతల ఆ గుట్టలే పలకలుగా తెగి జారతాయి. రిసార్టు మంచు రిపోర్టు వేరు, మంచు చరియల ప్రమాదాన్ని చెప్పే బులెటిన్ వేరు. బులెటిన్‌లో ఐదు స్థాయిల్లో 3 అని చూసి "మధ్యస్థమేగా" అనుకోకండి. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో పెద్ద వాటా 3వ స్థాయి రోజుల్లోదే.

సమస్య: మంచు లోతు 150 సెంటీమీటర్లు, అయినా రాళ్లు తగులుతున్నాయి.

కొలత కర్ర గాలి తగలని, నీడ పడే చోట ఉంది. ఆ లోతు ఆ కర్రదే. సీజన్ మొదట్లో ఎన్ని రన్‌లు (స్కీ దారులు) తెరిచారో చూడండి, అది ఎక్కువ నిజం చెబుతుంది.

సమస్య: నిన్న మధ్యాహ్నం వెన్నలా ఉన్న వాలు ఈ ఉదయం అద్దంలా ఉంది.

కరిగి మళ్లీ గడ్డకట్టింది. ఉత్తరార్ధగోళంలో ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణం, చివర పడమరను మెత్తబరుస్తుంది. ఆ వరుసలోనే తిరగండి, తొందరపడి ఉదయాన్నే పడమటి వాలెక్కకండి. మనకి తెలుగులో అన్నీ మంచే. రిపోర్టులో పౌడర్, ప్యాక్డ్ పౌడర్ (అణిగి గట్టిపడిన పౌడర్), స్ప్రింగ్ కండిషన్స్ అన్నవి మూడు వేర్వేరు రోజులు. చివరిదాని అర్థం పొద్దున రాయి, మధ్యాహ్నం జావ.

సమస్య: ఎండ కాస్తోంది, లిఫ్టు ఆపేశారు.

ఊరి గాలి చూశారు. శిఖరం మీద గాలి విసురు చూడాలి. గంటకి 60 కిలోమీటర్లు దాటితే పై లిఫ్టులు ఆగే అవకాశం ఎక్కువ. ఏది ఎప్పుడు ఆగుతుందన్నది లిఫ్టు రకాన్ని, గాలి దిశను బట్టి మారుతుంది.

సెన్సార్ చెడిపోవడం, కెమెరా నిన్నటి బొమ్మ దగ్గర ఆగిపోవడం అరుదు. పేజీ మీద సమయం చూస్తే తేలిపోతుంది. పది రోజుల తర్వాత 80 సెంటీమీటర్లు అన్న అంకె గురించి అడగనే అడగకండి. ఐదు రోజులు దాటాక తుఫాను వచ్చే సూచన మాత్రమే తీసుకోవాలి, సెంటీమీటర్లు కాదు.