వందేళ్ల పొలానికి కాగితాల వరస: ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల మన తెలుగువాళ్లకి

అమెరికాలో అయోవా రాష్ట్రం వందేళ్లకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న పొలాలకి 1976 నుంచి గుర్తింపు ఇస్తోంది, మొదటి భూమిలో కనీసం 40 ఎకరాలు మిగిలి ఉండాలట. మన బరంపురం, పర్లాకిమిడి వైపు పంపకాలయ్యాక 40 ఎకరాలు ఎవరికి మిగిలాయి? మనకి గుర్తింపంటే రికార్డే, అదీ మనమే కూర్చుకోవాలి.

ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్లండి. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరుతోనో ప్లాట్ నంబరుతోనో ఆర్‌ఓఆర్ (భూమి ఎవరి పేర ఉందో చెప్పే హక్కుల రికార్డు) తీయండి. ఒడియాలో వస్తుంది, పేరు ఇంకా తాతగారిదే ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆయన నుంచి మీ దాకా ప్రతి తరానికీ కాగితం ఉండాలి: మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్, పంపకాల దస్తావేజు, మ్యుటేషన్ ఆర్డరు (రికార్డులో పేరు మార్చిన ఉత్తర్వు). వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు ఎగ్గొట్టకండి. కట్నమిచ్చి పంపేశాం కదా అంటారు పెద్దవాళ్లు, కానీ హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది, దాచిన పేరే రేపు కేసై కూర్చుంటుంది.

అసలు చిక్కంతా తాతగారికి వెనకే. 1936 ఏప్రిల్ 1 దాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, అందుకే పాత పెట్టెల్లో తెలుగు దస్తావేజులు, జమీందారీ శిస్తు రసీదులు దొరుకుతాయి. వాటిలోని నంబరు ఇప్పటి ప్లాట్ నంబరుతో కలవకపోతే టెన్షన్ పడకండి, చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, చదవండి. తూర్పున ఫలానావారి పల్లం, పడమర గెడ్డ, ఉత్తరాన చెరువు గట్టు అని రాసుంటుంది కదా, ఊళ్లో పెద్దవాళ్లని పొలానికి తీసుకెళ్లి ఆ హద్దులు చూపించమని అడిగి, ఇప్పటి గ్రామ మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. ఆర్‌ఓఆర్‌లో డెసిమల్ అంటే మన సెంటే, ఎకరంలో వందో వంతు.

దస్తావేజు చెదలు తినేసిందా? రిజిస్టరయినదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ వెతికించండి, ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాసేస్తారు, రెండు రకాలుగానూ వెతకమనండి.

పొలంతో పాటు పాత వరి విత్తనం కూడా ఇంట్లోనే నిలుపుకొస్తుంటే, మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం (2001) కింద రైతు రకంగా రిజిస్టర్ చేయించొచ్చు. రైతుకి ఫీజు లేదు. దీనికైతే నిజంగానే సర్కారు సర్టిఫికెట్ వస్తుంది, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.