శనగలు, చీపురు పుల్లలతో నీటి క్లస్టర్లు కట్టుకోవడం ఎలా

నీటి క్లస్టర్ అంటే కొన్ని నీటి మాలిక్యూల్స్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే చిన్న గుంపు, ఒక్కో మాలిక్యూల్‌లో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. ముందు రోజు రాత్రే గుప్పెడు శనగలు నానేయండి, పొద్దున్నకల్లా టూత్‌పిక్ సులువుగా దిగేంత మెత్తబడతాయి, అవే మన హైడ్రోజన్లు. ఆక్సిజన్‌కి గోధుమపిండి, చపాతీకి కలిపేదానికంటే గట్టిగా కలిపి గోలీ సైజులో ఉండలు చేసుకోండి. మాలిక్యూల్ లోపలి బాండ్‌కి టూత్‌పిక్, హైడ్రోజన్ బాండ్‌కి, అంటే ఒక మాలిక్యూల్ హైడ్రోజన్‌కీ పక్క మాలిక్యూల్ ఆక్సిజన్‌కీ మధ్య ఉండే బలహీనమైన పట్టుకి, చీపురు పుల్ల. కొత్త చీపురు జోలికి మాత్రం పోకండి, మా ఇంట్లో అయిన గొడవ చాలు.

స్కేలు ఏంటంటే 1 ఆంగ్‌స్ట్రామ్‌కి (సెంటీమీటర్‌లో పది కోట్లో వంతు) 2 సెంటీమీటర్లు. ఓ–హెచ్ (ఆక్సిజన్–హైడ్రోజన్) దూరం 0.96 ఆంగ్‌స్ట్రామ్ కాబట్టి ఉండ మధ్య నుంచి శనగ మధ్యకి దాదాపు 2 సెంటీమీటర్లు, రెండు శనగల మధ్య కోణం 104.5 డిగ్రీలు, అంటే ఎల్ ఆకారం కంటే కాస్త విప్పి పెట్టాలి. శనగలు లేని వైపున ఇంకో రెండు ఖాళీ చోట్లు ఉన్నాయనుకోండి, అక్కడే పక్కవాడి, అంటే పక్క మాలిక్యూల్ శనగని పుచ్చుకునేది. ఇచ్చేవి రెండు, పుచ్చుకునేవి రెండు, అంతే రూల్. శనగ నుంచి శనగకి పుల్ల వెళ్ళిందంటే తప్పు కట్టినట్టే, పుల్ల ఎప్పుడూ శనగ నుంచి పిండి ఉండకే వెళ్ళాలి.

డైమర్‌తో, అంటే రెండు మాలిక్యూల్స్ జంటతో మొదలెట్టండి. ఒకడి శనగ నేరుగా రెండోవాడి ఉండ వైపు చూడాలి, ఉండకీ ఉండకీ మధ్య 6 సెంటీమీటర్లు (అసలు కొలత 2.98 ఆంగ్‌స్ట్రామ్‌లు), పుచ్చుకునేవాడి శనగలు రెండూ అవతలి వైపు తిరిగి ఉండాలి. ఈ పుల్ల బలం ఎంతో కూడా తెలుసుకోండి, డైమర్‌ని విడదీయడానికి మోల్‌కి సుమారు 13 కిలోజౌల్స్ చాలు, అదే నీటిలో ఒక ఓ–హెచ్ తెంచాలంటే 490 పైమాటే. టూత్‌పిక్ వేరు, చీపురు పుల్ల వేరు అన్నది అందుకే.

మూడు (ట్రైమర్), నాలుగు (టెట్రామర్), ఐదు (పెంటమర్) మాలిక్యూల్స్ వరకూ రింగులే. చిన్నప్పటి రైలాట గుర్తుందా, ముందువాడి చొక్కా పట్టుకుని పరిగెత్తేవాళ్ళం, ఇంజన్ వెళ్ళి చివరి పెట్టె చొక్కా పట్టుకుంటే రింగ్ మూసుకుంటుంది, ఇదీ అదే. ప్రతివాడూ ఒక శనగ ఇస్తాడు, ఒకటి పుచ్చుకుంటాడు, ఒక శనగ ఖాళీ. ఆ ఖాళీ శనగలు పక్కపక్కన ఒకే వైపు ఉండటానికి ఇష్టపడవు, ఒకటి పైకి ఒకటి కిందికి రావాలి. టెట్రామర్‌లో ఇది చక్కగా కుదురుతుంది, మూడిట్లో కుదరదు, రెండు పైకి ఒకటి కిందికి అని సర్దుకుపోవాలి, ఐదిట్లోనూ ఒక జంట దగ్గర ఇదే తంటా. ట్రైమర్‌లో పుల్లలు తిన్నగా నిలవవు, వంగుతాయి, అది మీ చేతి తప్పు కాదు, నిజం ట్రైమర్‌లోనూ వంగే ఉంటాయి.

రింగ్ పెరిగేకొద్దీ పుల్లలు కాస్త కత్తిరించండి. శనగ ఇచ్చినవాడి ఉండ మీద నెగటివ్ చార్జ్ ఇంకొంచెం పోగవుతుంది కాబట్టి వాడు పక్కవాడి శనగని ఇంకా గట్టిగా లాక్కుంటాడు, చుట్టూ తిరిగొచ్చేసరికి అందరూ దగ్గరవుతారు. ఉండల మధ్య అసలు దూరం ట్రైమర్‌లో 2.85 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల, పెంటమర్‌కొచ్చేసరికి 2.76, ఐస్‌లో ఉండేదీ దాదాపు అంతే. ఐదు మాలిక్యూల్స్‌కే ఐస్ దూరం వచ్చేసిందంటే నాకైతే ఇప్పటికీ వింతే.

ఆరు మాలిక్యూల్స్ దగ్గర అసలు గొడవ, ప్రిజం, కేజ్, బుక్, రింగ్ అని నాలుగు ఆకారాలు కట్టొచ్చు. ప్రిజం కట్టాలంటే రెండు ట్రైమర్లు తీసుకుని, కిందదాన్ని రెండు శనగలు పైకి ఉండేలా పెట్టి, పైదానిలో కిందికి చూసే ఒక్క శనగ, కింది ట్రైమర్‌లో పైకి శనగ లేని ఉండ మీదకి వచ్చేలా పెట్టండి, మొత్తం 9 హైడ్రోజన్ బాండ్లు. కేజ్‌కి నాలుగింటి రింగ్ కట్టి, ఒకదాన్ని పైన ఒక ఎదురెదురు జంటకీ, ఇంకోదాన్ని కింద మిగతా జంటకీ తగిలించాలి, 8 బాండ్లు. బుక్ అంటే ఒక అంచు పంచుకున్న రెండు చతురస్రాలు, తెరిచిన పుస్తకంలా, 7. మామూలు రింగ్‌కి 6. బాండ్లు ఎక్కువ కాబట్టి శక్తి అన్నిటికంటే తక్కువై, స్థిరంగా ఉండేదిగా ప్రిజమే గెలవాలి కదా అనుకుంటాం, కానీ దాని పుల్లలన్నీ వంకర్లే, కట్టి చూస్తే మీకే తెలుస్తుంది. అమెరికాలోని బర్క్‌లీలో రిచర్డ్ సేకల్లీ టీమ్ 1996లో ప్రయోగంలో కేజ్‌ని పట్టుకుంది, 2012లో వర్జీనియాలో బ్రూక్స్ పేట్ వాళ్ళ ప్రయోగంలో ప్రిజం, కేజ్, బుక్ మూడూ ఒకేసారి కనిపించాయి, అన్నిట్లోకీ తక్కువ శక్తి కేజ్‌దే అని తేలింది. తేడా మాత్రం చాలా చిన్నది.

కట్టింది కరెక్టో కాదో చూసుకోవడానికి మాలిక్యూల్స్ సంఖ్యని రెట్టింపు చేసి అందులోంచి హైడ్రోజన్ బాండ్ల సంఖ్య తీసేయండి, మిగిలినన్ని శనగలు ఖాళీగా ఉండాలి. ప్రిజంకి 3, కేజ్‌కి 4. ఎనిమిదింటి క్యూబ్‌కి 12 బాండ్లు కాబట్టి 4, రెండు టెట్రామర్లని ఒకదాని మీద ఒకటి పెడితే అయిపోతుంది. సాయంత్రానికి పిండి ఎండి పగుళ్ళిస్తుంది, ఫోటోలు ముందే తీసుకోండి.