రెజ్యూమె ఫైలుకు ఏ పేరు పెట్టాలి?

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలకు దరఖాస్తు చేసేవారిలో చాలామంది రెజ్యూమెను ఎంతో శ్రద్ధగా దిద్దుకుంటారు గాని, ఫైలును మాత్రం ‘రెజ్యూమె ఫైనల్ న్యూ 2’ అన్న పేరుతోనే పంపిస్తారు. ఎంపిక చేసే వ్యక్తి దానిని డౌన్‌లోడ్ చేసుకున్నాక, అలాంటి పేర్లే ఉన్న ఇతర ఫైళ్ల మధ్య అది ఎవరిదో తెరిచి చూస్తే తప్ప తెలియదు.

ముందు మీ పేరు, తరువాత ఉద్యోగం పేరు, చివర ‘రెజ్యూమె’ అన్న మాట ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే చాలు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పైగా దానిని తరచూ ఒక్క అక్షరానికి కుదిస్తాం. కాబట్టి ఏ వరుస సరైనదని తర్జనభర్జన పడకుండా, దరఖాస్తులో రాసిన రూపాన్నే ఫైలుకూ పెట్టండి. ఒకే పేరు గలవారు ఎందరో ఉంటారు గనుక, ఇంటిపేరును పూర్తిగా వదిలేయడం నా దృష్టిలో మంచిది కాదు.

మాటల మధ్య ఖాళీకి బదులు హైఫన్ గాని అండర్‌స్కోర్ గాని వాడండి. స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం వంటి గుర్తులను విండోస్ ఎలాగూ ఒప్పుకోదు. ఫోన్ నంబరు, ఆశించే జీతం అక్కడ అనవసరం.

తేదీలు, వెర్షన్ సంఖ్యలు మీ దగ్గర ఉంచుకునే ప్రతికే పరిమితం. పంపే ప్రతిని, ప్రకటనలో వర్డ్ ఫైలు అడిగితే తప్ప, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉండే అక్షరాలను ‘pdf’ అని మార్చినంత మాత్రాన అది పీడీఎఫ్ అయిపోదు. ప్రకటనలోనే పేరు ఎలా ఉండాలో చెప్పి, జాబ్ ఐడీ చేర్చమంటే, పై పద్ధతిని పక్కనపెట్టి వారు చెప్పినట్లే చేయండి.