మడ్డి లేని మసాలా సిరప్

దాల్చినచెక్క పొడి కాఫీలో కలిపితే సగం పైన తేలుతుంది, మిగతాది కప్పు అడుగున బంకగా పేరుకుంటుంది. చల్లటి కాక్‌టెయిల్‌లో అయితే చక్కెర కూడా సరిగ్గా కరగదు. పండగ రోజులకు ముందే ఒక సీసా మసాలా సిరప్ కాచి పెట్టుకుంటే ఈ రెండు గొడవలూ ఉండవు.

వేలెడంత దాల్చినచెక్క ముక్కలు 2, లవంగాలు 6, అనాసపువ్వు 1, చితక్కొట్టిన యాలకులు 4. పొడి గిన్నెలో సన్నని సెగ మీద ఒక్క నిమిషం, వాసన లేచేదాకా వేయించండి. అందులోనే 250 మి.లీ. నీళ్లు పోసి, మూతపెట్టి 10 నిమిషాలు మరగనివ్వండి. ఆ తర్వాతే 250 గ్రాముల చక్కెర. సగం బ్రౌన్ షుగర్ వేస్తే కాఫీకి ఇంకా బాగా నప్పుతుంది. చక్కెర కరగగానే దించేయాలి. తీగపాకం దాకా పోతే ఫ్రిజ్‌లో పలుకులు కడుతుంది. 30 నిమిషాలు ఊరనిచ్చి పలచటి గుడ్డలో వడకట్టండి. రాత్రంతా వదిలేస్తే లవంగం ఘాటు మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది, పైగా చేదు.

కప్పు కాఫీకి 2 టీస్పూన్లు చాలు. 60 మి.లీ. రమ్ముకో విస్కీకో 15 మి.లీ. సరిపోతుంది. వేడినీళ్లతో కడిగిన గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు వారాలు నిలవుంటుంది. మబ్బుగా మారినా, బూజు కనిపించినా పారబోయండి.

నారింజ వాసన కావాలంటే తెల్లపొర లేకుండా తొక్క మాత్రమే వేయండి. రసం పోస్తే కాక్‌టెయిల్‌కు ఫరవాలేదు గానీ పాల కాఫీ విరిగిపోతుంది.